నీళ్ళు తాగితే నొప్పొస్తుందంటే ఎవరూ నమ్మలేదు

మా తమ్ముడి ఆపరేషన్ గురించి రాయాలని ఎప్పటి నుంచో ఉంది గానీ వాడు ఒప్పుకోవాలి కదా, పెళ్ళి కావాల్సిన పిల్లోడు, మా వైపు కిడ్నీ అన్న మాట వింటేనే జనం మొహాలు మారిపోతాయి. మొన్న ఇంటికొచ్చినప్పుడు మళ్ళీ అడిగితే "రాయక్కా, నా పేరు మాత్రం పెట్టబాక" అన్నాడు. అందుకని ఇందులో వాడు చిన్నోడే, ఇంట్లో మేం పిలిచేది కూడా అట్టాగే.

మాది కనిగిరి దగ్గర పల్లె. నాయన పొగాకు వేస్తాడు, ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ ఒకటి ఉంది. నేను పెళ్ళయ్యి పొదిలిలో ఉంటున్నా, జాకెట్లు కుట్టే షాపు పెట్టుకున్నా. చిన్నోడు ఐటీఐ చేసి చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ మిషన్ మీద పనికి కుదిరాడు, అప్పటికి వాడికి 20 ఏళ్ళు.

మా ప్రాంతం నీళ్ళ సంగతి తెలిసిన వాళ్ళకి తెలుసు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు అంటారు, మా దగ్గర అది దాటిన బోర్లు చాలా ఉన్నాయి, పళ్ళు గారపట్టి, మోకాళ్ళు బిగుసుకుపోయి, నడుం వంగిపోయిన పెద్దోళ్ళని చూస్తానే పెరిగాం మేము. కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ కి తిరిగే వాళ్ళు కూడా మా చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారు. అందుకని మా ఊళ్ళో ఎవరికి డొక్కలో నొప్పి అన్నా రెండే మాటలు వినపడతాయి, ఒకటి "ఈ నీళ్ళే రా చంపేది", రెండోది "రాయి ఉంటది, నీళ్ళు బాగా తాగు".

చిన్నోడికి మొదటిసారి నొప్పి వచ్చింది 2018 మే నెలలో. చీమకుర్తి ఎండ, రాతి దుమ్ము, మధ్యాన్నం భోజనానికి కూర్చునే ముందు ఫ్యాక్టరీలో పెట్టిన క్యాన్ నుంచి లీటరు బాటిల్ పట్టుకుని ఒక్క గుక్కలో తాగేశాడంట, అరగంటకి కుడి డొక్కలో పట్టుకుంది. మెలిపెట్టినట్టు, లోపల ఏదో ఉబ్బిపోతున్నట్టు. వాంతి కూడా అయింది. సాయంత్రానికి తగ్గింది. తోటి పనోళ్ళు ఎండదెబ్బ అన్నారు.

తర్వాత నెలకొకసారి, ఆ తర్వాత పది రోజులకొకసారి. మా ఊరి ఆర్ఎంపీ డాక్టర్ గారు నొప్పి ఇంజక్షన్ వేసేవాడు, తగ్గేది. ఒక ఊళ్ళో స్కానింగ్ తీయిస్తే కుడి కిడ్నీ కొంచెం వాచి ఉంది, రాయి కనపడలేదు, పడిపోయి ఉండొచ్చు అని రాసిచ్చారు. పడిపోయిన రాయికి మందేముంటుంది, నీళ్ళు తాగమన్నారు. రోజుకి నాలుగు లీటర్లు.

ఇక మా అమ్మ మొదలుపెట్టింది. పొద్దున్నే అరటిదవ్వ రసం, పదకొండింటికి బార్లీ నీళ్ళు, ఉలవకట్టు, మా మేనత్త పొలం గట్ల మీద నుంచి కొండపిండి ఆకు కోసుకొచ్చి కషాయం కాచి చెంబు చేతికిచ్చి తాగేదాకా ఎదురుగా కూర్చునేది. వాడు తాగేవాడు. తాగిన గంటకి మంచం మీద ముడుచుకుని పడుకునేవాడు. అమ్మేమో "రాయి కదులుతా ఉంది నాయనా, ఓర్చుకో" అనేది.

ఒకరోజు నా షాపుకి వచ్చి మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పాడు. "అక్కా, నీళ్ళు తాగితేనే నొప్పొస్తా ఉంది. తాగకపోతే రాదు. నేను చూసుకున్నా." నేనేమన్నానో ఇప్పటికీ గుర్తుంది, "పిచ్చోడా, నీళ్ళకి నొప్పేందిరా, నువ్వు తాగడానికి బద్దకించి చెప్తున్నావు" అన్నాను. చేతిలో జాకెట్టు కుడుతూనే అన్నా, తలెత్తి వాడి మొహం కూడా చూడలేదు. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ మాటే.

వాడు ఇక ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు తాగడం మానేశాడు, అంతే. గ్రానైట్ ఫ్యాక్టరీలో ఎండాకాలం పన్నెండు గంటల డ్యూటీ చేస్తూ రోజు మొత్తం మీద మూడు గ్లాసులతో సరిపెట్టుకునేవాడంట, పెదాలు పగిలిపోయి ఉండేవి. ఆ సంగతి మాకు మూడేళ్ళ తర్వాత తెలిసింది.

2021 నవంబరులో చలిజ్వరం వచ్చింది. వణుకు, దుప్పట్లు నాలుగు కప్పినా ఆగలేదు, కుడి డొక్క ముట్టుకోనియ్యలేదు. ఒంగోలు తీసుకుపోయాం. మూత్రంలో చీము, ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయింది అన్నారు, వారం రోజులు సెలైన్లు, యాంటీబయాటిక్ ఇంజక్షన్లు. ఈసారి స్కానింగ్ లో కిడ్నీ బాగా వాచింది, కిడ్నీ కింద గొట్టం మొదలు కూడా వెడల్పయింది, రాయి మాత్రం లేదు. అక్కడి డాక్టరమ్మ ఒక మాట చెప్పింది, "రాయి లేకుండా ఇంత వాపు మూడేళ్ళ నుంచి ఉందంటే ఎక్కడో దారి మూసుకుపోయింది, యూరాలజిస్ట్ కి, అంటే కిడ్నీ, మూత్రం దారుల డాక్టర్ కి చూపించండి". అప్పటిదాకా మాకు ఆ మాట చెప్పిన వాళ్ళు లేరు.

మా పిన్ని వాళ్ళు నెల్లూరులో వేదాయపాలెంలో ఉంటారు, అందుకని ఒంగోలు నుంచి రైలెక్కి నెల్లూరు పోయాం. నెల్లూరులో డాక్టర్ల వీధులంటే పొగతోట. ఆటో దిగి బోర్డు చూసి మా నాయన "ఇక్కడ కూడా పొగాకేనా" అన్నాడు, అంత కంగారులోనూ అందరం నవ్వాం.

ఆ యూరాలజిస్ట్ సార్ ఫైలు తెరవకముందే చిన్నోణ్ణి అడిగాడు. నొప్పి ఎప్పుడొస్తుంది, ఏం చేస్తే ఎక్కువవుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది. వాడు నా వైపు ఒకసారి చూసి, మెల్లగా, "నీళ్ళు ఎక్కువ తాగితే వస్తది సార్" అన్నాడు. సార్ రాసుకోవడం ఆపి, "కరెక్ట్" అన్నాడు. కిడ్నీ నుంచి కిందికి పోయే దారి ఇరుకుగా ఉంటే, మామూలుగా కొంచెం కొంచెంగా తయారయ్యే మూత్రం ఎట్టాగో జారిపోతుందంట, ఒక్కసారిగా ఎక్కువ నీళ్ళు తాగితే తయారయ్యేది ఎక్కువ, పోయేది తక్కువ, కిడ్నీ బుడగలా ఉబ్బుతుంది, ఆ సాగదీతే నొప్పి. అంటే మూడేళ్ళు మేం వైద్యం అనుకుని పోసిన ప్రతి చెంబూ వాడికి నొప్పే. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముందు కిడ్నీల పని తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చూసి, బాగానే ఉందని తేలాక సిటీ యూరోగ్రామ్ తీయించారు. నరానికి ఒక రంగు మందు ఎక్కిస్తారు, ఒళ్ళంతా వెచ్చగా పాకుతుంది, ఆ మందు కిడ్నీల్లోంచి కిందికి దిగేటప్పుడు బొమ్మలు తీస్తారు. సార్ కంప్యూటర్ మీద చూపించాడు. ఎడమ వైపు కిడ్నీ నుంచి తెల్లటి దారం నిటారుగా మూత్రాశయం దాకా దిగింది. కుడి వైపు దారం కాదు, తాడు. లావుగా వాచి కొంత దూరం దిగి, ఉన్నట్టుండి వెన్నెముక వైపు లోపలికి తిరిగి గాలం ముల్లులా వంకర పోయి మాయమైంది. తర్వాత కింద ఎక్కడో సన్నగా మళ్ళీ కనపడింది. డాక్టర్లు కూడా దీన్ని చేపల గాలం అనే అంటారంట.

ఆ మాయమైన చోట ఏముందంటే, వీనా కేవా. ఒంట్లో నడుం కింద భాగం నుంచి చెడు రక్తాన్ని గుండెకి తీసుకుపోయే అన్నిటికన్నా పెద్ద సిర, బొటనవేలంత లావుంటుంది. మూత్రం గొట్టం మామూలుగా దాని పక్కనే, దానికి తగలకుండా దిగాలి. మా వాడికి ఆ గొట్టం సిర వెనకాలకి దూరి, చుట్టు తిరిగి ముందుకొచ్చింది. ముందు సిర, వెనక వెన్నెముక, మధ్యలో గొట్టం నలిగిపోతా ఉంది. మా నాయనకి వెంటనే అర్థమైంది, "డ్రిప్పు పైపు రాయి కింద పడ్డట్టు" అన్నాడు. సార్ "అంతే పెద్దాయనా" అన్నాడు.

దీని పేరు రిట్రోకేవల్ యురేటర్. వెయ్యి మందిలో ఒకరికి ఉండొచ్చని అంచనా, ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి జీవితమంతా తెలియదు. దాదాపు ఎప్పుడూ కుడివైపే వస్తుంది, ఎందుకంటే ఆ పెద్ద సిర ఉండేది కుడివైపు. ఆడవాళ్ళకన్నా మగవాళ్ళలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. పుట్టుకతో వచ్చేదే అయినా బాధ బయటపడేది మాత్రం ఎక్కువగా ఇరవైల్లో ముప్పైల్లో అంట, గొట్టం మెల్లమెల్లగా నలుగుతుంది కాబట్టి. ఉత్త స్కానింగ్ లో ఎందుకు దొరకలేదంటే అందులో కిడ్నీ కనపడుతుంది, మూత్రాశయం కనపడుతుంది, మధ్యలో గొట్టం పేగుల వెనక గ్యాస్ చాటున ఉండిపోతుంది. కిడ్నీ వాచిందని చెప్తుంది గానీ ఎందుకు వాచిందో చెప్పలేదు.

పుట్టుకతో అన్న మాట వినగానే మా అమ్మ కూలబడిపోయింది. చిన్నోడు కడుపులో ఉండగా గ్రహణం పట్టింది, ఆ రోజు తను కూరగాయలు కోసింది, అదే ఇట్టా అయిందని ఇరవై మూడేళ్ళ నాటి సంగతి తవ్వి ఏడుపు. ఆ సార్ కి బయట ఇరవై మంది పేషెంట్లు ఉన్నారు, అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "అమ్మా, ఇది గొట్టం తప్పు కూడా కాదు, సిర తప్పు. బిడ్డ కడుపులో పడ్డ రెండో నెలలో వెన్ను పక్కన రెండేసి సిరల జతలు కొన్ని పుడతాయి, కొన్ని కరిగిపోతాయి, మిగిలినవి కలిసి ఒక పెద్ద సిర అవుతుంది. గొట్టానికి వెనక ఉన్న సిర మిగలాలి, ముందున్నది కరగాలి. మీ వాడికి కరగాల్సింది మిగిలింది. అదంతా అయ్యేటప్పటికి బిడ్డ మీ బొటనవేలంత కూడా లేడు. మీరు తిన్నదానికి, కోసినదానికి, గ్రహణానికి దీనికి ఏం సంబంధం లేదు, మీ ఊరి నీళ్ళకి కూడా లేదు." అమ్మ ఆ చివరి మాట రెండుసార్లు అడిగి చెప్పించుకుంది.

అయితే వెంటనే ఆపరేషన్ అనలేదు. గొట్టం సిర వెనక పోయినంత మాత్రాన కొయ్యాల్సిన పని లేదంట, కిడ్నీ నష్టపోతోందా లేదా చూడాలి, దానికి డీటీపీఏ అనే పరీక్ష రాసిచ్చాడు. దానికి చెన్నై పోయాం. నేను, చిన్నోడు ఇద్దరమే.

ఈ పరీక్ష గురించి కొంచెం ఎక్కువ రాస్తా. నరానికి చాలా కొంచెం రేడియో మందు ఎక్కించి బల్ల మీద పడుకోబెడతారు, కింద పెద్ద కెమెరా, ఏ కిడ్నీ ఎంత పని చేస్తోంది, ఎంత సేపట్లో ఖాళీ అవుతోంది అని గీత గీస్తుంది. మధ్యలో మూత్రం జోరుగా తయారయ్యే ఇంజక్షన్ ఒకటి ఇస్తారు, లాసిక్స్. దారి బాగుంటే ఆ జోరుకి కిడ్నీలో ఉన్నదంతా కొట్టుకుపోవాలి, సగం ఖాళీ కావడానికి పది నిమిషాల లోపు పడితే మామూలు, ఇరవై దాటితే అడ్డం ఉన్నట్టు. నన్ను గాజు తలుపు బయట కూర్చోబెట్టారు. టెక్నీషియన్ ముందున్న తెర నాకు కొంచెం కనపడతా ఉంది. ఇంజక్షన్ ఇచ్చారు. ఒక గీత కొండ దిగినట్టు దిగిపోయింది. రెండోది దిగలేదు, అట్టాగే పైకి పోయి అక్కడే నిలబడింది. పది నిమిషాలకి చిన్నోడి కాళ్ళు ముడుచుకోవడం చూశా. కదలకూడదన్నారు కాబట్టి మళ్ళీ చాపుకున్నాడు, పిడికిలి బిగించి బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ తెర మీద గీత పైన నిలబడే ఉంది.

బయటికొచ్చాక చెమటలు కారిపోతున్నాయి, గోడకి ఆనుకుని నిలబడి "అక్కా, ఇదే నొప్పి. మిషన్ లో పడిందా?" అని అడిగాడు. పడింది నాయనా అన్నాను. ఇంకేం మాట్లాడలేకపోయా.

రిపోర్టులో కుడి కిడ్నీ పని 36 శాతం, ఎడమది 64. అడ్డం ఖాయం. ఇంకా ఆలస్యం చేస్తే ఆ 36 కూడా తగ్గుతుంది, ఇప్పుడు సరి చేస్తే నిలబడుతుంది అన్నాడు నెల్లూరు సార్. ఏప్రిల్ లో అని రాసుకున్నాం, అప్పటికి పొగాకు వేలం మొదలై నాయన చేతికి నాలుగు బేళ్ళ డబ్బులైనా వస్తాయని. ఖర్చు గురించి ఎవరైనా అడుగుతారని చెప్తున్నా, ముందు ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి పోయి మీ కార్డు, మీ రిపోర్టు చూపించి మీ ఆపరేషన్ పథకం కింద వర్తిస్తుందో లేదో నోటిమాటగా కాకుండా కాగితం మీద రాయించుకోండి, మేం ఆ పని ఆలస్యంగా చేశాం.

ఆపరేషన్ ముందురోజు సార్ ఓపీ చీటీ వెనక బొమ్మ వేసి చెప్పాడు. సిరని కదిలించరు, కొయ్యరు, దాని జోలికి పోతే ప్రమాదం. గొట్టాన్నే సిరకి పైన, వాచిన చోట కత్తిరించి, వెనక నుంచి లాగి ముందుకు తెచ్చి, నలిగిపోయి పనికిరాని ముక్క ఉంటే తీసేసి, మళ్ళీ రెండు కొసలూ కలిపి కుడతారు. వినడానికి అంతే. నేను అడిగాను, "సార్, కుట్టిన చోట మళ్ళీ బిగుసుకుపోదా?" ఆయన నా వైపు చూసి "ఏం చేస్తారమ్మా మీరు" అన్నాడు. జాకెట్లు కుడతాను అన్నాను. "అయితే మీకు తెలిసిందే" అని చూపించాడు.

నిజంగానే తెలిసిందే. లంగాకి నాడా ఎక్కించే సన్నటి గొట్టం రెండు ముక్కలు అతకాల్సి వస్తే అడ్డంగా తెగ్గోసి అతికారనుకోండి, కుట్టు చుట్టూ ఒకే చోట ఉంగరంలా పడి బిగుసుకుంటుంది, పిన్నీసు కూడా దూరదు. అదే రెండు కొసల్నీ ఏటవాలుగా చీల్చి అతికితే మూతి వెడల్పవుతుంది, కుట్టు ఒకే వరసలో పడదు. మూత్రం గొట్టానికీ అంతే, రెండు కొసల్నీ ఎదురెదురుగా చీల్చి కలుపుతారు, కరిగిపోయే దారంతో, మా మిషన్ దారం కన్నా సన్నం. గొట్టం వెడల్పే మూడు నాలుగు మిల్లీమీటర్లు.

ఇంటికొచ్చాక చదివితే ఇంకో సంగతి తెలిసింది. కిడ్నీ నుంచి గొట్టం మొదలయ్యే చోట అడ్డం ఉన్న పిల్లలకి ఇవాళ లోకమంతా చేసే ఆపరేషన్ పేరు ఆండర్సన్ హైన్స్. 1949లో ఇంగ్లండ్ లో షెఫీల్డ్ డాక్టర్లు ఇద్దరు ఆ పద్ధతి మొదట రాసింది రిట్రోకేవల్ యురేటర్ ఉన్న ఒక పేషెంట్ గురించి. ఆ ఇద్దరిలో ఒకాయన యూరాలజీ, రెండో ఆయన ప్లాస్టిక్ సర్జన్. అంటే కత్తిరింపు, కుట్టు తెలిసిన మనిషి. నాకు చాలా సంతోషం అనిపించింది ఎందుకో.

అప్పట్లో ఇదంతా డొక్క మీద జానెడు కోత పెట్టి చేసేవాళ్ళు. 1994లో జపాన్ లో మొదటిసారి లాప్రోస్కోపీతో చేశారు, ఇప్పుడు రోబోతో కూడా చేస్తున్నారు. మా వాడికి లాప్రోస్కోపీ, మా ఊళ్ళో కెమెరా ఆపరేషన్ అంటారు. చిన్నోడు రాళ్ళ మిషన్ మీద బరువు పని చేసేవాడు కాబట్టి డొక్క కండ కొయ్యకుండా ఉంటే నెల రెండు నెలల్లో పనికి పోవచ్చు, కోత పెడితే ఇంకా ఆలస్యం అన్నాడు సార్. కానీ ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాడు, సిర గోడ పల్చగా ఉంటుంది, దాన్నుంచి గొట్టాన్ని విడదీసేటప్పుడు రక్తం ఆగకపోతే వెంటనే పెద్ద కోత పెట్టేస్తాను, అప్పుడు నన్ను మోసం చేశాడు అనుకోవద్దు అని. రెండు బాటిళ్ళ రక్తం సిద్ధంగా పెట్టించారు, మా పిన్ని కొడుకు, వాడి స్నేహితుడు ఇచ్చారు. సంతకం నాయన పెట్టాడు.

పొద్దున ఎనిమిదిన్నరకి లోపలికి తీసుకెళ్ళారు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, పొట్టలో గ్యాస్ నింపి, బొడ్డు దగ్గర కెమెరాకి ఒక రంధ్రం, పనిముట్లకి ఇంకో మూడు. మూడున్నర గంటలు. ఆ మూడున్నర గంటలు మా అమ్మ ఏమీ తినలేదు తాగలేదు, నాయన మెట్ల దగ్గర నిలబడి బీడీ తీయడం, మళ్ళీ జేబులో పెట్టుకోవడం. పన్నెండు దాటాక సార్ వచ్చి పెద్ద కోత అవసరం పడలేదు అని చెప్పి, నన్ను పిలిచి సెల్ లో తీసిన బొమ్మ చూపించాడు. నీలంగా నిగనిగలాడుతున్న సిర, దాని మీద నుంచి, ముందు నుంచి, గులాబి రంగు గొట్టం, మధ్యలో నా కళ్ళకి ఊదా రంగు కుట్లు. ఏడెనిమిది ఉన్నాయి. లెక్కపెట్టాను.

లోపల డీజే స్టెంట్ పెట్టారు, కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా సన్నటి ప్లాస్టిక్ గొట్టం, రెండు చివరలా జారిపోకుండా వంకీలు. కుట్టు మానేదాకా మూత్రం దాని మీదుగా పోతుంది.

మరుసటి రోజు కడుపు నొప్పి కన్నా కుడి భుజం నొప్పి అని గోల పెట్టాడు. మేం భయపడ్డాం, భుజానికేంది సంబంధం అని. పొట్టలో నింపిన గ్యాస్ కొంచెం మిగిలి పైన పొరకి తగిలితే భుజంలో తెలుస్తుందంట, రెండు రోజుల్లో పోయింది. సాయంత్రానికే లేపి నడిపించారు. మూడో రోజు మూత్రం పైపు తీశారు, నాలుగో రోజు పక్కన పెట్టిన డ్రెయిన్ గొట్టం తీసి, ఐదో రోజు పిన్ని ఇంటికి పంపారు. డొక్క మీద నాలుగు చిన్న ప్లాస్టర్లు, అంతే. మా మేనత్త చూసి "ఆపరేషన్ చేశారా అసలు" అంది.

ఆపరేషన్ కన్నా స్టెంట్ ఉన్న ఆరు వారాలే వాణ్ణి ఎక్కువ ఇబ్బంది పెట్టాయి, ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. వొంటికి పోయేటప్పుడు డొక్కలోకి ఎగదన్నినట్టు నొప్పి, మాటిమాటికీ పోవాలనిపించడం, కొంచెం ఎక్కువ నడిస్తే ఎర్రగా రావడం. మొదటిసారి ఎర్రగా చూసి అమ్మ కేకలు పెట్టింది, ఫోన్ చేస్తే స్టెంట్ రాసుకుని వస్తుంది, నీళ్ళు తాగితే పల్చబడుతుంది, గడ్డలు గడ్డలుగా వచ్చినా, చలిజ్వరం వచ్చినా వెంటనే రమ్మన్నారు. ఇంకొకటి, ఈ స్టెంట్ తీయించుకోవడం మర్చిపోయే వాళ్ళు ఉన్నారంట, నొప్పి లేదు కదా అని నెలలు, ఏళ్ళు వదిలేస్తారు, దాని మీద రాళ్ళు కట్టుకుని కిడ్నీకే ముప్పు వస్తుంది. నేను మా షాపు గోడ మీద క్యాలెండర్ లో జాకెట్లు ఇవ్వాల్సిన తేదీల మధ్య ఎర్ర స్కెచ్ తో రాసి పెట్టుకున్నా, వచ్చిన ఆడవాళ్ళందరూ అదేందని అడిగేవాళ్ళు. జూన్ మొదట్లో పోతే కింద నుంచే సన్న కెమెరా పెట్టి ఐదు నిమిషాల్లో లాగేశారు.

మూడు నెలలకి మళ్ళీ డీటీపీఏ. మళ్ళీ చెన్నై, అదే బల్ల, అదే గాజు తలుపు. ఇంజక్షన్ ఇచ్చాక నేను తెర చూడలేదు, వాడి కాళ్ళే చూస్తూ కూర్చున్నా. ముడుచుకోలేదు. కుడి కిడ్నీ 39 శాతం, ఖాళీ కావడానికి తొమ్మిది నిమిషాలు. పోయిన పని పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు, ఉన్నది నిలబడింది, ఏడాదికొకసారి చూపించుకోండి అన్నాడు సార్.

ఇప్పుడు మళ్ళీ చీమకుర్తిలోనే పని చేస్తున్నాడు. పెళ్ళి సంబంధం ఒకటి వచ్చింది, అమ్మ ఏమీ చెప్పొద్దంది, వాడే ఆ పిల్లకి ఫోన్ లో అంతా చెప్పాడు, సిటీ బొమ్మ కూడా పంపించాడు. ఆ అమ్మాయి నర్సింగ్ చదివింది, ఎక్కడ చేశారు, స్టెంట్ తీసేశారా అని అడిగిందంట. మాటలు నడుస్తున్నాయి.

ఉగాదికి వచ్చినప్పుడు పచ్చడి తిని, ఎండన పడి వచ్చాడేమో, బిందె దగ్గర చెంబు ముంచుకుని గడగడా తాగేశాడు. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వాకిట్లోకొచ్చి నిలబడింది. వాడు ఇంకో చెంబు ముంచుకున్నాడు. అమ్మ ఏమీ అనలేదు, కొంగుతో చెయ్యి తుడుచుకుంటా చూస్తానే ఉంది, అరగంట దాకా ఏదో ఒక పని మీద వాడి మంచం చుట్టూనే తిరిగింది. వాడు మాత్రం కాళ్ళు చాపుకుని నిద్రపోయాడు.